బొబ్బిలి పసుపు పెట్టె: క్రొత్త అభ్యర్థిని బలపరచువారికి కొన్ని మాటలు

పోయిన మాసమున మన సంఘపు వసారాలో యూరియా బస్తాలు పంచుచుండగా, వరుసలో నిలిచిన రైతుల నడుమ ఎన్నికల మాట పుట్టినది. ఎన్నికలకు ఇంకను వ్యవధి యున్నను మాటలకు వ్యవధి యక్కరలేదు గదా. నాలుగు పర్యాయములుగా గెలుచుచున్న శాసనసభ్యులు ఐదవసారియు నిలుతురని కొందరనిరి. వారికెదురుగా ఇంతవరకు ఏ పదవియు నెరుగని యొక యువకుడు నిలువబోవుచున్నాడని మరికొందరనిరి. కాలువ చివర భూములు గల యొక ముదుసలి రైతు తన వంతు వచ్చువరకు అంతయు వినుచుండి, తుదకు మా వంక తిరిగెను.

"బాబూ, మీరు చదువుకున్నవారు. పాత మెంబరుగారు నా కోడలి పురిటికి పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చారు. ఆ ఉపకారం మరిచిపోలేను. కాని మా చివరి మడులకు సరిగా నీరొచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ కుర్రాడు కాలవ గట్టంట నడిచి వచ్చి చూసి వెళ్లాడు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

ఎవరికి వేయవలెనో చెప్పుట మా పని కాదంటిమి. మేము జీతము తీసుకొని పైరుల సంగతి చెప్పువారము. మన సంఘము ఏ పక్షమునకును చెందినది కాదు, ఈ పత్రికయు నట్టిదే. అయినను ఆ ప్రశ్నను అంతటితో త్రోసివేయుటకు మనసొప్పలేదు. ఉపకారమును ఒక తట్టలోను, నీటిని ఒక తట్టలోను పెట్టి తూచలేక సతమతమగుచున్న రైతు ఆయన యొక్కడే కాడు. కావున ఫలానా వానికి వేయుడని చెప్పక, క్రొత్తవానిని బలపరచుట యనగా నేమో, దాని వెనుక ఎంత పని యుండునో, మన ప్రాంతముననే జరిగిన సంగతుల నాధారముగా గొని వ్రాయుచున్నాము.

విత్తనముల విషయమున మాకు కొంత అనుభవము గలదు. స్వర్ణ వంగడము 1982లో మారుటేరు పరిశోధనాస్థానము నుండి వచ్చినది. తక్కువ నత్రజనితోనే మంచి దిగుబడి నిచ్చుటచే అది మన మడులలో ఎంతగా పాతుకొనినదనగా, తరువాత వచ్చిన ఇంద్ర మొదలగు మారుటేరు వంగడములను మేము చూపబోయినప్పుడు, "స్వర్ణ మాకేమన్యాయం చేసింది?" అని రైతులు మమ్ము నిలదీసిరి. వారిని మేము బలవంతపెట్టలేదు. పొలమంతయు మార్చవద్దు, పది సెంట్లలో క్రొత్తది వేయుడు, ప్రక్కనే పాతది వేయుడు, రెంటికిని ఒకే నీరు ఒకే ఎరువు పెట్టుడు, కోతనాడు మీరే తూచుకొనుడు, అని చెప్పితిమి. ఓటు విషయమున ఈ సదుపాయము లేదు. పది సెంట్ల ఓటు అనునది యుండదు. వేసినచో ఐదేండ్లకు పొలమంతయు ఒకే విత్తనము. పాతవాని లోపములు మనకు తెలిసినవి, క్రొత్తవాని లోపములు తెలియనివి. కావుననే రైతు జంకును. ఆ జంకును తెలివితక్కువతనమని పట్టణములవారు అనవచ్చునుగాని మేమనము.

అయినను మన తాతల కాలమున ఈ ప్రాంతపు రైతులు ఆ జంకును దాటిరి.

బొబ్బిలి యనగానే మనకు 1757వ సంవత్సరపు యుద్ధమును, తాండ్ర పాపారాయుడును జ్ఞప్తికి వత్తురు. ఆ కథను బుర్రకథలలో విననివారు మన పల్లెలలో నరుదు. 1937 ఫిబ్రవరిలో జరిగిన బొబ్బిలి యుద్ధమును పాడినవారు మాత్రము తక్కువ. అందు కత్తులు లేవు, రంగుపెట్టెలు మాత్రమే యుండెను.

నాటికి 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము క్రొత్తగా అమలునకు వచ్చుచుండెను. ఆ చట్టము ననుసరించి చెన్నరాజధాని శాసనసభకు 215 స్థానములు. బొబ్బిలి స్థానమునకు నిలిచినవారు సాక్షాత్తు బొబ్బిలి రాజుగారు, రామకృష్ణ రంగారావుగారు. ఆయన 1930లో శాసనమండలిలో ప్రవేశించి, 1932 నవంబరు మొదలుకొని, 1936లో కొలది మాసములు తప్ప, రాజధానికి ప్రధానమంత్రిగా నుండిరి. ఆయన పక్షమగు జస్టిసు పార్టీ 1926 నుండి 1930 వరకు గడచిన కాలము మినహా 1920 నుండియు అధికారమున నున్నదే. ఆయన స్వయముగా మెంబరైనది ఏడేండ్లే కావచ్చును. కాని ఆ వంశము పల్లెల మీద పెత్తనము చేయుచున్నది తరతరములుగా. శిస్తు వసూలు చేయు దివాణమును, శిస్తు చట్టము చేయు సభయు ఒకే యింటి చేతిలో నుండెను. నాలుగు పర్యాయముల మెంబరును కదల్చుటే కష్టమని మనవారు నిట్టూర్చుచున్నారు గదా, అచట కదల్పవలసినది అట్టి పెత్తనము!

రాజుగారిని గూర్చి న్యాయము తప్పి వ్రాయము. ఆయన మంత్రిత్వము నాడే 1936లో ఎస్టేట్ల భూమి చట్టము సవరింపబడి, పెక్కు ఇనాము గ్రామముల రైతులకు సాగుహక్కులు వ్యాపించినవి. కాని ఆ దినములు ఆర్థికమాంద్యపు దినములు. ధాన్యము ధర సగమునకు పడిపోయెను, శిస్తు అందుకు తగినట్లు తగ్గలేదు. రైతు పుస్తెలు కుదువబెట్టి శిస్తు కట్టుచున్న ఆ కాలమున మంత్రులు నెలకు 4,333 రూపాయల చొప్పున జీతము పుచ్చుకొనుచుండిరి. ఆ అంకె నాటి పత్రికలలో ఎన్నిమారులు అచ్చయినదో చెప్పజాలము. ఒక్క ఇనాము చట్టముతో ఆ అంకెను జనులు మరచిపోలేకపోయిరి.

ఎదుట నిలిచినవారు వరాహగిరి వెంకటగిరిగారు. ఈయన బరంపురమున 1894లో జన్మించి, ఐర్లండు దేశమున డబ్లిను నగరమున న్యాయశాస్త్రము చదివి వచ్చి, బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘమును నడపినవారు. ఆ రైలుదారి బొబ్బిలి మీదుగనే పోవును. 1934లో ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికైరి. అనగా బొబ్బిలికిని, చెన్నపట్టణపు సభకును క్రొత్తవారే గాని, పనికి క్రొత్తవారు కారు. ఈ భేదమును రైతులు గమనింపవలెనని మా కోరిక. క్రొత్తవాడనగా చేతిలో నేమియు లేనివాడని యర్థము కాదు. పది సెంట్లలో పరీక్షకు నిలిచిన విత్తనమును పొలమునకు క్రొత్తగా తెచ్చుట వేరు, సంతలో దొరికిన మూట విప్పి చల్లుట వేరు.

నాడు ఓటు అందరికిని లేదు. భూమి మీద పన్ను కట్టువారు, కొంత చదువు వచ్చినవారు మొదలగువారికే యుండెను. జమీందారీ రైతు స్థితి తలచుకొనుడు. వాని శిస్తు రసీదు దివాణము చేతిలో, చెరువు మరమ్మతు దివాణము చేతిలో, పశువుల మేత, నాగలికి కర్ర, ఇంటికి వాసము, అంతయు దివాణపు అడవిలో. అట్టివాడు రాజుగారికి ఎదురుగా ఓటు వేయుట యనగా, తాను నిలిచియున్న గట్టును తానే త్రవ్వుకొనుట వంటిది. వానికి అండగా నిలిచినది ఒక్కటే, చాటు. చదువురానివారికై ఒక్కొక్క పక్షమునకు ఒక్కొక్క రంగు పెట్టె నియమించిరి. కాంగ్రెసు పెట్టెకు పసుపు రంగు వచ్చెను. తెలుగింట పసుపు లేని శుభకార్యము లేదు, ఆ రంగు నెరుగని ఆడుబిడ్డ లేదు; ఆ పక్షమువారు కోరుకొన్నను ఇంతకన్న మంచిరంగు దొరకదు. ఓటరు చీటీ తీసుకొని ఒంటరిగా మరుగులోనికి పోయి తనకు నచ్చిన పెట్టెలో వేసి రావలెను. లోన ఏ పెట్టెను తాకినదియు బయటనున్న దివాణపు గుమాస్తాకు తెలియదు.

పెట్టెలు విప్పగా గిరిగారు గెలిచిరి. రాజధాని మొత్తము మీద 215 స్థానములలో 159 కాంగ్రెసుకు వచ్చినవి. ఏలుచున్న ప్రధానమంత్రి తన పేరు గల యూరిలోనే ఓడిపోయెను.

కథలు చెప్పువారు ఇచ్చటనే మంగళము పాడుదురు. రైతు మాత్రము ఇచ్చట నిలువరాదు. నాట్లు వేసిన నాడే పండినట్లు కాదు.

1937 జూలైలో రాజగోపాలాచారిగారి మంత్రివర్గ మేర్పడెను. మంత్రుల జీతము నెలకు 500 రూపాయలయ్యెను. గిరిగారికి కార్మిక పరిశ్రమల శాఖలు వచ్చినవి, రెవెన్యూ శాఖ టంగుటూరి ప్రకాశముగారికి వచ్చెను. ఆ మరుసటి యేడే, 1938లో, రైతు ఋణవిమోచన చట్టము వచ్చినది. దాని సంగతి ఇప్పటివారు పెక్కుమంది మరచిరి గాన ఒక లెక్క చెప్పెదము. ఒక రైతు 1928లో నూరు రూపాయలు అప్పు చేసినాడనుకొందము. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పు గనుక, 1937 అక్టోబరు 1వ తేదీ నాటికి నిలిచియున్న వడ్డీ యావత్తును రద్దు. అసలు నూరు మాత్రమే బాకీ. అంతకు మునుపే వాడు అసలు మీదను వడ్డీ మీదను కలిపి రెండు నూర్లు చెల్లించి యున్నచో, ఆ నూరును లేదు, పత్రము చెల్లిపోయినట్లే. చట్టము వచ్చిన తరువాత చేసిన అప్పులకు సంవత్సరమునకు రూపాయికి ఒక అణా, అనగా నూటికి ఆరుంబావు, అంతకు మించి వడ్డీ వసూలు చేయరాదు. ఒక మెంబరు వ్రాసియిచ్చు చీటీ ఒక్క ఇంటికి ఒక్క దినము పనికివచ్చును. సభలో చేయు చట్టము ఎన్ని యిండ్లకు పనికివచ్చునో పై లెక్క చూచి గ్రహింపుడు. (ఆ చట్టము సహకారసంఘముల బాకీలకు వర్తింపలేదు. అది న్యాయమే యని మా తలంపు. సంఘపు సొమ్ము సాహుకారు సొమ్ము కాదు, ప్రక్కింటి సభ్యుని సొమ్ము.)

ఇక జమీందారీల మాట. ఓటు వేసిన రైతుకు అసలు కావలసినది అదియే. గెలిచినవారు మంత్రులై చెన్నపట్టణమున కూర్చుండగా, వారిని గెలిపించినవారు ఏమి చేసిరో తెలిసికొనదగినది. రెండువేలకు పైబడిన రైతులు ఉత్తరపు కొసనున్న ఇచ్ఛాపురమున బయలుదేరి కాలినడకను చెన్నపట్టణమునకు పోయిరి. తొమ్మిది జిల్లాలు, 1,500 మైళ్లు, 130 దినములు. దినమునకు పదకొండు మైళ్లకు పైమాట. దారి పొడవున పల్లెపల్లెను సభలు చేయుచు, 1,100కు మించిన అర్జీలు కూడబెట్టి, 1938 మార్చి 27వ తేదీని శాసనసభకు సమర్పించిరి. వారు పోయినది శత్రువుల యొద్దకు కాదు, తామే గెలిపించిన వారి యొద్దకు! మీకు ఓటు వేసితిమి, ఎందులకు వేసితిమో మరచితిరేమో యని వచ్చితిమి, అనుటకు అంతకన్న మర్యాదయైన మార్గము మాకు తోచదు.

ప్రకాశముగారి అధ్యక్షతను ఏర్పడిన ఎస్టేట్ల విచారణ సంఘము 1938లో తన నివేదిక నిచ్చెను. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేయువాడు మాత్రమే యని అందు వ్రాసిరి. అది చట్టము కాకమునుపే యుద్ధము వచ్చెను. 1939 అక్టోబరులో మంత్రివర్గము రాజీనామా చేసెను. శిస్తు తగ్గింపు చట్టము 1947లోను, ఎస్టేట్ల రద్దు చట్టము 1948లోను వచ్చినవి. పసుపు పెట్టెలో చీటీ పడిన నాటి నుండి జమీందారీ పోవువరకు పదకొండేండ్లు పట్టెను. క్రొత్తవానిని గెలిపించి, రెండవ యేటనే "వీడును అంతే" యని చప్పరించువారు ఈ లెక్కను ఒకమారు చూడవలెను. పదకొండేండ్లును ఊరక కూర్చున్న రైతులకు ఆ చట్టము రాలేదనియు చూడవలెను.

గిరిగారి కథ అంతటితో ముగియలేదు. ఇరువది యేండ్లు గడచినవి. ఆయన 1952లో పాతపట్నము నుండి లోక్‌సభకు వెళ్లి, కేంద్రమున కార్మికశాఖ మంత్రియై, 1954లో ఆ పదవిని తామే వదలుకొనిరి. 1957లో పార్వతీపురమున నిలిచిరి. అప్పటికి ఆయన పేరు ఎరుగనివారు లేరు. రాజును ఓడించిన క్రొత్తవాడు అప్పటికి తానే పెద్దపేరు గల పాతవాడు. పార్వతీపురము నాడు ఇద్దరు సభ్యుల నెన్నుకొను నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది సామాన్యము. ఓట్లు లెక్కింపగా రెండు స్థానములును గిరిజనులకే వచ్చినవి! సామాన్యస్థానమున డిప్పల సూరిదొరగారు గెలిచిరి. గిరిజనులకు తమ స్థానము తమకుండగా సామాన్యస్థానము కూడ ఎట్లు చెల్లునని గిరిగారు న్యాయస్థానమున కెక్కిరి. ప్రత్యేకస్థానమున్నంత మాత్రమున సామాన్యస్థానమునకు గిరిజనుడు అనర్హుడు కాడు, ఎక్కువ ఓట్లు వచ్చినవాడే సభ్యుడు, అని తేలినది. 1959లో సుప్రీంకోర్టు ఆయన అప్పీలును త్రోసిపుచ్చెను. ఇద్దరు సభ్యుల నియోజకవర్గములు 1961లో చట్టము ద్వారా రద్దయినవి.

గిరిగారిపై మాకు గౌరవము తక్కువ లేదు. 1969లో దేశమునకు రాష్ట్రపతియైన వారిని తక్కువ చేయుటకు మేమెంతవారము? కాని దివాణమునకు జంకవద్దని పల్లెలకు చెప్పిన నోటితోనే, కొండవాని ఓటు తన ఓటును మించినప్పుడు వ్యాజ్యమాడుట మాకు బాగుండలేదు. క్రొత్తవారు ఎల్లకాలము క్రొత్తవారుగా నుండరు. నేడు కాలువ గట్టున నడచిన కుర్రవాడు ఇరువది యేండ్లకు ఎట్లుండునో ఎవరు చూడవచ్చిరి?

1983 మాట ఒకటి చెప్పి ముందుకు పోదుము. 1982 మార్చిలో పుట్టిన పార్టీ తొమ్మిది మాసములు దాటగానే రాష్ట్రమును గెలిచినది. సభలో క్రొత్త ముఖములు ఎన్ని వచ్చినవో పెద్దలు నేటికిని చెప్పుదురు. 1984లో కరణము, మునసబు మొదలగు వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దయినవి. అందులకు సంతోషింపని రైతు లేడు. కాని లెక్క తెలిసిన కరణము పోయి, లెక్క నేర్పని కాలము కొంత నడుమ వచ్చి, అడంగలులలో పడిన తప్పులను నేటికిని దిద్దించుకొనుచున్న రైతులను మా కన్నులతో చూచుచున్నాము. పాతదానిని తీసివేయుట ఒక దినపు పని, దాని చోట మరియొకటి నిలుపుట అట్టిది కాదు.

ఇక ఆ ముదుసలి రైతు తట్టలో పెట్టిన చీటీ సంగతి. ఉపకారము మరువరాదు, నిజమే. అయితే పెద్దాసుపత్రి మెంబరుగారి సొంతమా? అది మన పన్నులతో నడచునది. పురిటి నొప్పులు పడుచున్న స్త్రీని చేర్చుకొనుటకు చీటీ యెందుకు కావలసి వచ్చెను? చీటీ వ్రాసిన దయ మెంబరుగారిది కావచ్చును. చీటీ లేనిదే తలుపు తీయని స్థితి నాలుగు పర్యాయములు నిలిచియుండుట ఎవరిది? ఈ మాట మేమనగా ఆ వృద్ధుడు చాలసేపు పలుకలేదు. మొగమాటమునకు వెల మొగమాటముతోనే తీర్చుకొనవలెను. పండుగనాడు పోయి దండము పెట్టి రావచ్చును, వారింట పెండ్లికి అరటిగెల మోసికొనిపోవచ్చును. కాలువ చివరనున్న అరువది కుటుంబముల నీటిని దానికి బదులుగా ఈయరాదని మా అభిప్రాయము.

పాత మెంబరుగారి పక్షమునను ఒక మాట చెప్పవలెను. మేము చదివిన మిషను పాఠశాలలో ఉదయపు ప్రార్థనవేళ పంతులుగారు అంజూరపు చెట్టు కథ చెప్పెడివారు. తోటయజమాని మూడేండ్లు చూచి, కాయలు లేకపోగా నరికివేయుమనెను. తోటమాలి ఈ యొక్క యేడు ఓపికపట్టుడని వేడి, పాదు త్రవ్వి ఎరువు వేసెదననెను. చిన్ననాడు మాకు అందు తోటమాలి దయ మాత్రమే కనబడినది. ఈ యుద్యోగమున చేరిన తరువాత ఆతని లెక్క కనబడినది. గడువు ఒక్క యేడే యడిగెను. ఆ యేడును ఊరకుండననెను. అప్పటికిని కాయనిచో నరుకుటకు తానే యొప్పుకొనెను. మన చివరి భూముల రైతులను మేమడిగితిమి: ఈ తొమ్మిదేండ్లలో నీటి విషయమై మెంబరుగారికి వ్రాతమూలమున ఎన్ని అర్జీలిచ్చితిరి? ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. ఒకమారు పెండ్లిపందిట, ఒకమారు రథోత్సవమున చెవిలో వేసిరట! పాదు త్రవ్వక, ఎరువు వేయక, చెట్టును మాత్రము తిట్టుచున్నాము. మన సంఘపు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చేసి, తూముల పట్టికయు, నీరు చేరని సర్వే నంబర్లును జతపరచి పంపినచో, పాతవారికి అది గడువు, క్రొత్తవానికి అది పాఠ్యపుస్తకము. అది రాజకీయము కాదు, సంఘము చేయదగిన పనియే.

క్రొత్త అభ్యర్థిని బలపరచదలచినవారు ఆతనిని మూరతో కొలువక ఎత్తుకొనరాదు. 2003 నుండి ప్రతి అభ్యర్థియు తన ఆస్తులు, అప్పులు, చదువు, తనపై నున్న క్రిమినలు కేసులు తెలుపుచు ప్రమాణపత్రము దాఖలు చేయవలెను. దానిని రిటర్నింగు అధికారి కార్యాలయపు నోటీసు పలకపై అంటింతురు. మన రైతులు విత్తన సంచి మీది చీటీని చదివించుకొందురు గాని ఆ కాగితమును చదివించుకొనరు. ఖర్చెవరు పెట్టుచున్నారో అడుగుడు. ఓడిపోయినచో మరుసటి వేసవిలో మరల గట్టు మీదికి వచ్చునా యని యడుగుడు. అన్నిటికన్న గట్టి పరీక్ష మరియొకటి గలదు. చివరి మడులకు నీరు లేదనగా ఆకాశము నుండి రాదు. ఎగువ గ్రామములవారు అడ్డుకట్టలు వేసి, మోటార్లు పెట్టి, వంతు మీరి తీసికొను నీరే దిగువకు రావలసినది. దిగువ గ్రామమున నీరిప్పింతునని చెప్పుట సులభము. ఎగువ గ్రామపు రచ్చబండ మీద నిలిచి, మీరు వంతు మీరుచున్నారు, తగ్గించుకొనుడని చెప్పగలడా? అచ్చట ఓట్లు పోవును. ఆ మాట చెప్పినవానిని క్రొత్తవాడైనను నమ్మవచ్చును. చెప్పనివాడు పాతవారికన్న వయసులో చిన్నవాడు, అంతే.

పది సెంట్ల ఓటు లేదని పైన వ్రాసితిమి గాని, ఆలోచింపగా ఒకటి గలదు. అది మన సంఘమే. సంఘపు పాలకవర్గమున ఒక యువకుడు ఎరువుల లెక్క ఎట్లు వ్రాసినదియు, తన బంధువు అప్పు దరఖాస్తు వచ్చినప్పుడు లేచి బయటికి పోయినదియు లేనిదియు మనమే చూతుము. అట్లు తూచబడినవాడు పై సభకు నిలిచినచో జంకవలసిన పని లేదు. అయితే మన రాష్ట్రమున ప్రాథమిక సంఘముల ఎన్నికలు 2013లో జరిగిన పిదప పలు యేండ్లు జరుగక, నియమింపబడినవారే నడపిరి. పరీక్షమడిని బీడు పెట్టి, మంచి విత్తనము దొరకుట లేదని చింతించుట మనకు అలవాటయినది.

ఈ వ్యాసము ముగింపునకు వచ్చుచుండగా ఆ వృద్ధుడు నిన్న సంఘమునకు మరల వచ్చెను. తీర్మానము పోయిన పదిదినములకు మెంబరుగారు ఒక ఇంజనీరును పంపి తూములు కొలిపించిరట. ఆ యువకుడు ఎగువ గ్రామమున సభ చేసి వంతుల మాట ఎత్తగా, సగముమంది చాపలు దులుపుకొని లేచిపోయిరట. మిగిలిన సగముతో ఆతడు రాత్రి పదిగంటల వరకు మాటలాడెనట. ఇంతయు చెప్పి, తాను ఎవరికి వేయదలచినదియు ఆయన చెప్పలేదు, మేమడుగలేదు.

"జీలుగ విత్తనం వచ్చిందా బాబూ?" అని యడిగెను. రాలేదు, సోమవారము వచ్చునంటిమి. "ఎన్ని కిలోలు రాసుకుంటారు నాకు?" అనెను. చివరి మడులకు నీరు వచ్చు నమ్మకము లేని ఏండ్లలో ఆయన జీలుగ వేయలేదు, కలియదున్నుటకు నీరుండవలెను. ఎకరమునకు పది కిలోల చొప్పున రెండెకరములకు వ్రాసికొంటిమి.